మీటరాయన గుండె రీడింగు

నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగంలో మీటరాయనకి అబ్బిన విద్య ఒక్కటే. మీటరు దగ్గరికి వెళ్ళకుండానే రీడింగు రాసేయడం.

పోయిన వేసవిలో సైకిల్ క్లబ్బుతో యాత్రకి వెళ్ళి, సగం దారిలో ఎండకి సొమ్మసిల్లి, కూరగాయల బండిలో ఇంటికొచ్చాడు. పోయిన పరువు దక్కాలంటే ఈసారి యాత్ర పూర్తి చెయ్యాల్సిందే. క్లబ్బుకి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఆయన ఖండితంగా చెప్పేశాడు: ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ కట్టుకుని రోజూ వేడిలో తొక్కాలి, గుండె ఎంత శ్రమపడిందో అంకెలు పంపాలి, రెండు వారాల్లో ఒళ్ళు వేడికి అలవాటు పడాలి. లేదంటే పేరు కొట్టేస్తానన్నాడు.

మొదటిరోజుకే ప్రాణం తోకకొచ్చింది. రెండోరోజు ఆయన చూపు వంటింటి మీద పడింది. అక్కడ భార్య రోజూ ఇరవై మంది ఆఫీసువాళ్ళకి భోజనాలు వండి పంపుతుంది. ఆ వంటింటికున్న ఒక్క కిటికీ మూడేళ్ళుగా తెరుచుకోదు. బాగుచేయిస్తానని మూడేళ్ళుగా ఆయనే చెబుతున్నాడు.

"ఏమోయ్, ఈ పట్టీ కట్టుకో. నడుంనొప్పికి మంచిదట."

"ఛాతీకి కడితే నడుంనొప్పి పోతుందా?"

"నరాలన్నీ ఒకటేనే!"

"నా నడుం మీకు గుర్తుందా? అదే పదివేలు" అంటూ కట్టుకుంది. నొప్పి మాత్రం నిజమే పాపం.

పదిహేనోరోజు డాక్టరు అంకెల కాగితాలతో ఇంటికే వచ్చాడు.

"వారానికోరోజు విశ్రాంతి తీసుకోమన్నానా? ఆదివారం మరీ ఎక్కువ తొక్కారేమిటండీ?"

మీటరాయన చూపు వంటింటివైపు పోయింది. ఆదివారాలు ఇంటికి చుట్టాలొచ్చి, వంట రెట్టింపయింది.

"పైగా ఈ ఒళ్ళు రెండోరోజుకే వేడికి అలవాటు పడిపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఉడికితే తప్ప ఇలా ఉండదు. ఇప్పుడు కూర్చున్నా గుండె నెమ్మదించడం లేదు. రెండు వారాలు మంచం దిగకూడదు."

భార్య వంటింట్లోంచి వచ్చి, పట్టీ విప్పి బల్లమీద పెట్టింది.

"ఆ గుండె నాదండీ డాక్టరుగారూ. రెండు వారాలన్నారు కదూ? సరే."

ఆవిడ నాలుగు తిడితే బాగుండుననిపించింది మీటరాయనకి. తిట్టలేదు.

ఇరవై మంది భోజనాలు ఆగవు కదా. మర్నాడు ఆయనే సెలవు పెట్టి పొయ్యి దగ్గర నిలబడ్డాడు, ఛాతీకి పట్టీతో. వారం తిరక్కుండానే క్లబ్బువాళ్ళు గంటలు మోగించుకుంటూ వీధిలోంచి యాత్రకి వెళ్ళిపోయారు.

మంచమ్మీంచి ఫోనులో పట్టీ అంకెలు చూస్తూ భార్య అంది, "నూట డెబ్భై. కాస్త మంట తగ్గించుకోండి."

"ఈ వేడి ఎన్నాళ్ళకే అలవాటయ్యేది?"

"నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది."

మధ్యాహ్నానికల్లా ఆయన పిలిపించిన వడ్రంగి వచ్చి కిటికీ తెరిచాడు. అరగంట పని. ఆ సుత్తి చప్పుడు వింటూ ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని కళ్ళు తుడుచుకుంది.