మామగారి బరువు, ఎడమ టైరు

మామగారి చిన్నకూతురికి ఆడపిల్ల పుట్టింది. చూడటానికి ఇంటిల్లిపాదీ ఆ ఉదయం కారులో కొండ అవతలి ఊరికి బయలుదేరాలి. మామగారికి మొదటి మనవరాలు కావడంతో, తెల్లవారకముందే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో కూర్చున్నారు.

అల్లుడు తూనికల కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. లోకంలో ఏది చెడినా దాని వెనక బరువే ఉంటుందని అతని గట్టి నమ్మకం. కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందరి ఎడమ టైరు దగ్గర ఆగిపోయాడు. బయటి అంచు నిక్షేపంగా ఉంది. లోపలి అంచు మాత్రం బోడిగుండులా నున్నగా అరిగింది. ఆ వైపు సీట్లో ఎప్పుడూ కూర్చునేది మామగారు. ఆయన భారీ మనిషి. ఇంకేముంది, కేసు తేలిపోయింది.

తిన్నగా చెప్పే ధైర్యం లేక, ముందు సీట్లో కూర్చోమని అత్తగారిని పిలిచాడు. ఎందుకని ఆవిడ అడిగితే, గాలి బాగా వస్తుందన్నాడు. ఆవిడ వెళ్లి, మీకు గాలి దండగట అని భర్తకు చేరవేసింది. మామగారు మొహం గంటు పెట్టుకున్నారు. సర్దిచెప్పబోయి అల్లుడు ఆయన బరువెంతో అడిగాడు. అది విన్న భార్య, నాన్నకేదో జబ్బుంటే భర్త దాస్తున్నాడనుకుని ఏడుపు అందుకుంది. ఇక నిజం కక్కక తప్పలేదు.

"అంటే నా బరువుకి మీ టైరు అరిగిందంటారు," అన్నారు మామగారు. "నేను రాను. తాత బరువై ఇంట్లో ఉండిపోయాడని నా మనవరాలికి చెప్పండి."

ఆయన లేకుండా బయలుదేరే ప్రశ్నే లేదు. టైర్లు అటుదిటు మారిస్తే చాలని అల్లుడు బతిమాలి, జాకీ పెట్టి ఎడమ చక్రం పైకి లేపాడు.

"ఇప్పుడు దీనిమీద నేను లేనుగా," అంటూ మామగారు ఆ చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కోపం కొద్దీ ఒక్క ఊపు ఊపారు. కదిలే పన్నులా అది టకటకా ఊగింది.

మెకానిక్కుని పిలిపించారు. చక్రాన్ని పట్టి ఉంచే కీలు వదులైందని, అందుకే చక్రం వాలి లోపలి అంచు మీద నడుస్తోందని, కొండ దిగేటప్పుడు ఊడిపోయేదేనని అతను చెప్పాడు. బరువుతో ఏమీ సంబంధం లేదా అని అల్లుడు ఆశగా అడిగాడు. లేదన్నాడు.

అల్లుడు మామగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరు అలగకపోతే ఇవాళ మనందరం లోయలో ఉండేవాళ్లం మామయ్యగారూ. మీ రుణం తీర్చుకోలేను."

మామగారి కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. ఆయన కళ్లు తడిశాయి. కొత్త కీలు వేయించి, ఆయన్నే ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం బయలుదేరారు. ఇకమీదట ఏ ప్రయాణానికైనా ముందు మామయ్యగారిని ఓసారి అలిగించాలని అల్లుడు భార్యతో మనస్ఫూర్తిగా అన్నాడు.

అందుకు మీరు ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదంది ఆవిడ.