మూడు వందల ఏళ్ళ తుప్పు

ఆ శనివారం పొద్దున రాబర్ట్ పెట్టుకున్న పని ఒక్కటే, చేపల పులుసు. భార్య దయాకుమారి అల్ ఐన్‌లో ఒక ఆసుపత్రి నర్సు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది. ఆమె లేచేసరికి పులుసు దించెయ్యాలని చింతపండు నానబెట్టి, చేప ముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తుండగా ఫోన్ మోగింది.

చేసింది యజమాని అబూ ఫైసల్. పనివాళ్ళందరికీ ఆయన అర్బాబ్. ఆయన తోట బంగళాలో మజ్లిస్, అంటే అతిథులు కూర్చునే పెద్ద హాలు, చూసుకోవడం రాబర్ట్ ఉద్యోగం. అర్బాబ్‌కు పాత వస్తువుల పిచ్చి. కిందటి నెల ఒక జపాన్ కత్తి కొన్నాడు. అది మూడు వందల ఏళ్ళ నాడు పేరుమోసిన కమ్మరి చేసిందని అమ్మినవాడు చెప్పాడు. వచ్చే వారం అబూదాబిలో జరిగే ప్రదర్శనకు దాన్ని ఆ కమ్మరి పేరుతోనే పంపాలని అర్బాబ్ ఉబలాటం.

"రాబర్ట్, కల్ జపానీ ఆయేగా," అన్నాడాయన. ఎడారి రోడ్డు మీద కారులో ఉన్నాడేమో, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "తల్వార్ కా జంగ్... నికాలో. మాలూమ్?"

జంగ్ అంటే తుప్పు. రేపు జపానతను వస్తాడు, కత్తి తుప్పు తియ్యమంటున్నాడన్నమాట.

"మాలూమ్ అర్బాబ్," అన్నాడు రాబర్ట్.

కత్తి మజ్లిస్‌లో తెల్లగుడ్డ మీద ఉంది. ఫొటోల కోసం అర్బాబే పిడి ఊడదీసి పక్కన పెట్టాడు. అలుగు అద్దంలా ఉంది. పిడిలోకి దూరే మొదలు మాత్రం పాత గునపంలా నల్లగా తుప్పుపట్టి ఉంది. దాని మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. కాకినాడ సముద్రపుగాలికి సైకిలు, కిటికీ ఊచలు, పెళ్ళినాటి బీరువా తుప్పుపట్టడం చూస్తూ పెరిగిన రాబర్ట్‌కు తుప్పంటే కుటుంబ శత్రువు. నానిన చింతపండు, రాళ్ళ ఉప్పు, స్టీలు పీచు ముందేసుకుని కూర్చున్నాడు. అరగంటలో మొదలు కూడా అలుగులాగే తళతళలాడింది.

చేతులు కడుక్కుంటుండగా మళ్ళీ ఫోన్. ఈసారి మాట స్పష్టంగా వినిపించింది.

"రాబర్ట్, యాద్ రఖో. జంగ్ మత్ నికాలో. జపానీ ఆ జంగ్ చూసే కత్తి వయసు చెప్తాడు. జంగ్ పోతే తల్వార్ ఖలాస్. తూ భీ ఖలాస్."

మొదటి ఫోన్‌లో తెగిపోయిన మాట 'మత్', అంటే వద్దు. రాబర్ట్ కుళాయి కట్టడం మరిచిపోయాడు. తరవాత డ్రైవర్ భూమేశ్‌ని పిలిచాడు.

భూమేశ్‌ది జగిత్యాల. కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింతదానికి పరేషానెందుకన్నా? తీసిన తుప్పు మల్ల పట్టిస్తే అయిపాయె."

తీరా చూస్తే అల్ ఐన్‌లో తుప్పు పట్టించడం తేలిక కాదు. గాలిలో చుక్క తేమ లేదు. కాకినాడలో అడక్కుండానే ఇంటిల్లిపాదికీ దొరికిన వస్తువు కోసం ఇద్దరూ కత్తిని బంగళా వెనకున్న రాబర్ట్ గదికి తెచ్చి, బాత్రూంలో నిలబెట్టి, వేడినీళ్ళ షవర్ తిప్పి తలుపు మూశారు.

దయాకుమారి లేచి బాత్రూం తలుపు తీసి, మళ్ళీ మూసి వచ్చింది.

"ఏవండీ, లోపల కత్తి స్నానం చేస్తోంది."

"అవును."

"ఎంతసేపు పడుతుంది?"

రాబర్ట్ జరిగింది చెప్పాడు. ఆమె మంచం మీద కూర్చుంది. ఆమె ఆసుపత్రి హాస్టల్లో, అతను లేబర్ క్యాంపులో ఏళ్ళ తరబడి ఉన్నాక దొరికిన గది ఇది. అతని ఉద్యోగం పోతే గదీ పోతుంది.

"షవర్‌తో అవ్వదండీ. ఉప్పునీళ్ళు కావాలి," అంటూ లేచింది. గాజుగుడ్డను ఉప్పునీళ్ళలో ముంచి, కాలు విరిగినవాడికి కట్టినంత శ్రద్ధగా కత్తి మొదలుకు కట్టు కట్టింది. ఆ రోజు పులుసు కాయలేదు.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. తుప్పయితే పట్టింది, కానీ పండిన బొప్పాయి రంగులో ఉంది. పోయింది నల్ల తుప్పు.

"సులేమానీ పొయ్యి వదినా," అన్నాడు భూమేశ్. సులేమానీ అంటే పాలు లేని టీ. "నా తెల్లంగి మీద వడ్డది ఇప్పటిదాంక పోలే."

చిక్కటి సులేమానీ కాచి మూడుసార్లు పట్టించారు. మధ్యాహ్నానికి మొదలు నల్లబడింది. ఆరబెట్టి మజ్లిస్‌లో పెట్టాక, అది మొదటిదానికంటే పాతదిగా కనిపించి రాబర్ట్ మనసు కొంత కుదుటపడింది.

సాయంత్రం అర్బాబ్ వెంట ఓగావా వచ్చాడు. పాత కత్తులు గుర్తించి బాగుచేసే జపాన్ పెద్దమనిషి. అర్బాబ్ ముందే పంపిన ఫొటోలు చూశాడు. కత్తి చూశాడు. తరవాత మొదలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీని మీద టీ ఉంది," అన్నాడు ఇంగ్లీషులో.

అర్బాబ్ రాబర్ట్ వైపు తిరిగాడు. రాబర్ట్‌కు అబద్ధం తోచలేదు. ఫోన్‌లో 'మత్' వినపడకపోవడం దగ్గర్నుంచి సులేమానీ దాకా వరసగా చెప్పేశాడు. అర్బాబ్ మెడ మీద నరం ఉబ్బింది. ఆయన నోరు తెరవబోతుంటే ఓగావా చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొదటి తుప్పు ఎంతసేపు రుద్దావు?"

"అరగంట సార్."

"దేనితో?"

"చింతపండుతో."

"మొత్తం పోయిందా?"

"మొత్తం పోయింది సార్," అన్నాడు రాబర్ట్ నేల చూస్తూ.

ఓగావా అర్బాబ్‌కు వంగి నమస్కరించాడు. "మన్నించండి. మూడు వందల ఏళ్ళ తుప్పు ఇనుములోకి దిగిపోతుంది. చింతపండుకు అరగంటలో లొంగదు. మీకు అమ్మినవాడు కూడా ఇతనిలాగే పట్టించాడు, కాస్త ఓపిగ్గా. తుప్పు పోయాక ఈ అక్షరాల అంచులు చూడండి, ఎంత పదునుగా ఉన్నాయో. ఆ కమ్మరి పేరు ఈ మధ్య చెక్కిందే. ప్రదర్శనలో మావాళ్ళు చూసి ఉంటే అక్కడ ఏమీ అనేవారు కాదు. ఇంటికి వెళ్ళాక నవ్వుకునేవారు."

ఓగావా టీ తాగి వెళ్ళిపోయాడు. అర్బాబ్ లేచి గోడల మీది టర్కీ బాకులు, ఇరాన్ కూజాలు, ఓడ గంట ఒక్కొక్కటే చూశాడు.

"రాబర్ట్," అన్నాడు చివరికి. "ఇమ్లీ ఔర్ హై?" చింతపండు ఇంకా ఉందా అని.

"హై అర్బాబ్."

వారం తిరిగేసరికి ఆ మజ్లిస్‌లోని పురాతన వస్తువుల్లో సగం కొత్తవని తేలింది.