గౌరమ్మకు మూడు ట్యాంకర్లు

మన దేశ సంస్కృతి ప్రమాదంలో ఉందనీ, పందొమ్మిది వందల డెబ్బై నాలుగు సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం నాలుగు గంటలకు దాన్ని గోదావరిఖనిలో, మా బొగ్గుగని కూలీల రేకుల లైనులోనే కాపాడబోతున్నారనీ జీపు మీది మైకు చెప్పింది. ఇంతటి గౌరవం మా లైనుకు ఎన్నడూ దక్కలేదు. మేము మూడేళ్లుగా నల్లా అడుగుతున్నాం. సంస్కృతి మాత్రం అడగకుండానే వచ్చింది.

నల్లా కూడా వచ్చినట్టే. ఇనుప పైపులు మా ఇంటి ముందే పడి ఉన్నాయి. పండుగ కాగానే తవ్వుతామన్నారు. నా పానమంతా ఆ పైపుల మీదే ఉంది. పది నెలల నా బిడ్డకు నాలుగు రోజులుగా విరేచనాలు. బావి నీళ్లు పట్టొద్దు, మంచినీళ్లు కాచి పట్టమని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. కాచడానికి బొగ్గుకు మాకేం కొదవ లేదు. మంచినీళ్లకే మైలు దూరం పోయి నిలబడాలి. పొద్దంతా నిలబడితే సగం బిందె.

ఉత్సవాల స్పెషలాఫీసరు వామనరావుగారు వారం ముందే హైదరాబాదు నుంచి దిగారు. మహానుభావుడు. మా పండుగ గురించి మాకు తెలియనివి ఎన్నో చెప్పారు. చప్పట్లు నిమిషానికి ముప్ఫై కొట్టాలన్నారు. బతుకమ్మలన్నీ ఒకే ఎత్తు ఉండాలని స్కేలు పెట్టి కొలిచారు. మా పక్కింటి ఐలవ్వను పిలిచి, ఈ పండుగ ఎంత పాతదని అడిగారు.

"మా అవ్వ ఆడంగ చూసిన సారూ" అన్నది ఐలవ్వ.

"అయిదు వేల సంవత్సరాలు" అని ఆయన రాసుకున్నారు.

ఆటయ్యాక బతుకమ్మను నీళ్లలో సాగనంపాలి. గోదావరి రెండు మైళ్లు. మంత్రిగారి కారు ఇసుకలో దిగబడుతుంది. అందుకని వామనరావుగారు గోదావరినే మా మైదానానికి పిలిపించారు. రెండు రోజుల్లో సిమెంటు తొట్టి లేచింది. పండుగ నాడు పొద్దున్నే మూడు చిన్న ట్యాంకర్లు వచ్చి దాన్ని నింపాయి. బిడ్డను చంకనేసుకొని చూడబోయాను. అడుగు కనిపించే నీళ్లు. ఫిల్టరు నీళ్లని డ్రైవరు చెప్పాడు.

"సారూ, ఒక్క చెంబెడు ఇప్పియ్యుండ్రి. బిడ్డకు పానం బాగలేదు" అన్నాను.

వామనరావుగారు నొచ్చుకున్నారు. "ఇవి తాగే నీళ్లు కావమ్మా. ఇది సంస్కృతి."

ఇంటికొచ్చి గడప మీద కూర్చున్నాను. ఐలవ్వ గునుగుపూలకు రంగులద్దుతూ నా మొఖం చూసింది.

"ఏందే పూలమ్మా, గట్ల కూసున్నవు? గౌరమ్మను సాగనంపినంక తాంబాళంల ఇన్ని నీళ్లు తెచ్చుకుంటమా లేదా?"

"తెచ్చుకుంటం."

"తాంబాళమే ఉండాలెనని సారు చెప్పిండా?"

ఆలోచించాను. పూల ఎత్తు చెప్పారు. చప్పట్లు చెప్పారు. తాంబాళం సంగతి ఎత్తలేదు.

"చెప్పలేదవ్వా."

"మరింకేంది? బిందె మూతి మీద వెదురు సిబ్బి పెట్టి, సిబ్బి మీద బతుకమ్మను పేరుద్దాం."

"పూలు పడ్డ నీళ్లు బిడ్డకెట్ల పట్టాలె?"

"ముందుగాల నీళ్లు, తర్వాత అమ్మ. గౌరమ్మ ఏమనుకోదు. ఆమె సుత పిల్లల తల్లే."

ఎదురింటి జన్నత్ బీ తలుపు చాటు నుంచి వింటున్నది. "నాకు గౌరమ్మ లేదు గని అవ్వా, బిందెలు రెండున్నయి. రావచ్చునా?"

"రా బీ. ఆమె బిందెలు చూస్తది గని ఇంటిపేరు అడుగుతదా?"

పొద్దు నెత్తి మీదికి రాకముందే మాట లైనంతా పాకింది. సాయంత్రానికి రెండు వందల బిందెల మీద రెండు వందల బతుకమ్మలు వచ్చాయి. జన్నత్ బీని చూసి వామనరావుగారు పరవశించి, జాతీయ సమైక్యత అంటూ ముందు వరసలో నిలబెట్టారు. ఆమెకు కావలసిందీ అదే.

మంత్రిగారు సంస్కృతి మీద గంటన్నర మాట్లాడి, మూడు గ్లాసుల నీళ్లు తాగారు. మేము నిమిషానికి ముప్ఫై చొప్పున చప్పట్లు కొట్టి ఆడాము. ఇక సాగనంపమని మైకు చెప్పింది.

ఐలవ్వ సిబ్బిని గట్టు మీద దించి, బిందె ముంచి, నిండగానే పక్కకు జరిగింది. తర్వాత నేను. నా వెనక జన్నత్ బీ, రెండు బిందెలతో. ఇరవయ్యో బిందె దాకా వామనరావుగారు నవ్వుతూనే ఉన్నారు. తర్వాత తొట్టిలోకి చూశారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు గొంతు తగ్గించి.

"అయిదు వేల ఏండ్ల సంది గిట్లనే సారూ" అన్నది ఐలవ్వ.

ఆ లెక్క ఆయన రాసుకున్నదే. చివరి వాళ్లు తొట్టిలో దిగి చెంబులతో తోడుకున్నారు. అప్పుడు బతుకమ్మలను భక్తిగా లోపల దించాము. రెండు వందల మంది గౌరమ్మలు వట్టి సిమెంటు మీద కూర్చున్నారు. ఒక్క రెక్క తడవలేదు.

మంత్రిగారు కళ్లద్దాలు సరిచేసుకున్నారు. "నీళ్లేవయ్యా?"

వామనరావుగారు తొట్టి వైపు, మా బిందెల వైపు చూశారు. అయినా పెద్ద చదువు పెద్ద చదువే. "అదే ఇక్కడి ప్రత్యేకత సార్. పూలు నేలతల్లికి, నీరు ఇంటికి. జల బతుకమ్మ అంటారు. దేశంలో మరెక్కడా లేదు."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఈ బిందె మోసే ఆచారాన్ని కంటికి రెప్పలా కాపాడతానని మైకులో మాటిచ్చారు. మరునాడు పేపర్లో జన్నత్ బీ ఫోటో పడింది, రెండు బిందెలతో సహా.

ఐలవ్వ తన బిందెలోంచి సగం నాకే వంచింది. కాచి, చల్లార్చి, నాలుగు రోజులు పట్టాను. బిడ్డకు విరేచనాలు కట్టాయి. అయిదో నాడు లేచి కూర్చుని నా జుట్టు పట్టి గుంజింది. నీళ్లు అయిపోయినా నాకు ఫికర్ అనిపించలేదు. పైపులున్నాయి కదా.

పదిహేనో నాడు లారీ వచ్చి ఆ పైపులను ఎత్తుకోసాగింది. లారీ వెనక జీపులో వామనరావుగారు. ఆయనకు ప్రమోషన్ వచ్చిందట. లైనులో ఏడో తరగతి దాకా చదివిందాన్ని నేనే కాబట్టి కాగితం నా చేతికిచ్చి, అందరికీ చదివి వినిపించమన్నారు.

"ఈ ప్రాంతమున నల్లాలు వేసినచో అరుదైన జల బతుకమ్మ సంప్రదాయము అంతరించు ప్రమాదమున్నందున, పైపుల పని శాశ్వతముగా నిలిపివేయడమైనది. ఏటా పండుగ నాడు మూడు ట్యాంకర్లు మంజూరు చేయడమైనది."

లారీలో ఇనుము మోగుతున్నది.

"సారూ, గీ పైపులు ఏడికి పోతున్నయి?" అని ఐలవ్వ అడిగింది.

"గెస్టుహౌసు తోటకమ్మా."

"ఆడ నల్లా లేదా?"

"మూడున్నాయి." వామనరావుగారు బాధగా నిట్టూర్చారు. "ఏం చేస్తాం, ఆ వైపు సంస్కృతి లేదు."