వార్డులో ఇరవై ఏడో స్టాండు

జిల్లా ఆసుపత్రిలో భార్య పోశవ్వకు ఎక్కించే సెలైన్ సీసా పట్టుకుని నిలబడ్డ ఓదెలు, నాలుగో రోజు స్టాండుగా మారిపోయాడు. ఎవరూ కంగారుపడలేదు. ఖర్చు తగ్గించమని పైనుంచి కాగితం వచ్చినప్పటి నుంచి ఆసుపత్రి స్టాండ్లు కొనడం మానేసింది. రోగి వెంట వచ్చిన మనిషే సీసా పట్టుకోవాలి. మూడు రోజులు దాటితే గట్టిపడటం మామూలే.

ముందు కుడిచెయ్యి దిగలేదు. తర్వాత మోకాళ్లు వంగలేదు. మధ్యాహ్నానికి వేళ్లు కొక్కెంలా తిరిగాయి. మొహం మాత్రం మనిషిదే. స్టోర్ కీపర్ వచ్చి వీపు మీద తెల్లరంగుతో 27 అని వేసి, రిజిస్టరులో ఎక్కించుకున్నాడు.

"కదలకు పెద్దమనిషీ, రంగు ఆరాలె."

స్టాండుకు భోజనం రాయరు కాబట్టి పోశవ్వ తన గంజిలోనే సగం తాగించింది.

మర్నాడు ఆమెకు జ్వరం తగ్గి డిశ్చార్జి చీటీ ఇచ్చారు. మొగుణ్ని భుజానికెత్తుకుని గేటు దాకా పోతే వాచ్‌మన్ ఆపాడు.

"అవ్వా, స్టాండెటు వట్కవోతున్నవ్?"

"స్టాండేంది బిడ్డా, మా ఆయన."

"నంబరుంది గదా. గేటు పాసేది?"

గేటు పాసు ఇచ్చే స్టోర్ కీపర్ మంచివాడే. ఆమెను కూచోబెట్టి నిదానంగా చెప్పాడు. స్టాకు బయటికి పోవాలంటే పనికిరాదని రాయాలి. అలా రాయాలంటే కాలు విరిగి ఉండాలి.

"ఇరగ్గొడ్దమా మరి?"

"ఇరగ్గొడ్తే మల్ల మనిషైతడా సారూ?"

"గట్ల ఇంతవరకైతే ఎవలు గాలే."

పోశవ్వ ఓదెలు మొహంలోకి చూసింది.

"వద్దే," అన్నాడు ఓదెలు. "నన్ను లోపట వెట్టి నువ్వు బస్సెక్కు. పక్క మంచం మీది ముసలామెకు సీసా వెట్టాల్నట. నా కోసమే ఆగిండ్రు."

ఆమె అతన్ని ముసలామె మంచం పక్కన సరిగ్గా నిలబెట్టి, కొంగుతో మొహం తుడిచింది. తుడుస్తుండగానే నర్సు సీసా తగిలించింది.

ఊళ్లో బస్సు దిగగానే పక్కింటి కనకవ్వ ఎదురొచ్చింది.

"ఒక్కదానివే ఒచ్చినవ్, మీ ఆయనేడే?"

"దవాఖానల్నే ఉంచుకున్నరు. రిజిస్టర్ల రాసుకున్నరు."

"సర్కారు రిజిస్టర్లనా? పర్మినెంటా?"

"పర్మినెంటే."

కనకవ్వ అటూ ఇటూ చూసింది. తర్వాత దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది.

"మా ఆయన సుత నిలవడుట్ల గట్టోడేనే. యూరియా లైన్ల రెండొద్దులు నిలవడ్డడు. జర ఒక మాట జెప్పరాదే ఆ సారుకు."

"ముందుగాల నీకు జరం రావాలె గదనే," అంది పోశవ్వ.