అనాస పరీక్ష

ఆ ఆదివారం పొద్దున మైకు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా నోరు మూసుకుని ఇంట్లో కూర్చోవడం. మామూలు మనుషులు దీన్ని పథకం అనరు, సెలవు అంటారు. మైకు సంగతి వేరు.

బస్టాండులో ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో, ఏది ఎందుకు కదలడం లేదో గొంతెత్తి చెప్పడం అతని ఉద్యోగం. ఆ పేరు అక్కడ పుట్టిందే. డ్యూటీ దిగాక కూడా ఆ నోరు ఆగదు కాబట్టి పేరు కూడా అతని వెంట ఇంటిదాకా నడిచొచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. చివరికి తను ప్రేమించిన అమ్మాయి పెళ్ళికి ఒప్పుకున్న సంగతి కూడా కడుపులో దాచుకోలేక, సంతోషం పట్టలేక, లౌడ్‌స్పీకర్లో చెప్పేశాడు. అదే సమయానికి రెండో ప్లాట్‌ఫారం మీద బస్సు కోసం నిలబడి ఉన్న కాబోయే అత్తగారు, తన కూతురు ఎవరిని చేసుకోబోతోందో మిగతా ప్రయాణికులందరితో పాటు విన్నది.

భార్య ఆ సంగతి ఇంకా మరిచిపోలేదు. ఇప్పుడు ఆవిడకి మూడో నెల. కబురు ఇంకా ఎవరికీ తెలియదు. వాళ్ళమ్మ ఆ సాయంత్రం బస్సుకి వస్తోంది.

"మన పెళ్ళి మాట మా అమ్మకి లౌడ్‌స్పీకర్ చెప్పింది. ఇదైనా నన్ను చెప్పనిస్తారా?" అంది భార్య, చెప్పులేసుకుంటూ. "ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతులు పట్టుకుని నేనే చెప్పాలి. అప్పుడు అమ్మ మొహం ఎలా ఉంటుందో నేను చూడాలి. అది మళ్ళీ మళ్ళీ దొరికేది కాదండీ."

"నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

"లేదు."

ఆ జవాబు ఎంత చప్పున వచ్చిందంటే, మైకుకి నొచ్చుకునే వ్యవధి కూడా దొరకలేదు. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఎదుటివాడికి ఎంత మసగ్గా కనిపిస్తోందో కనిపెట్టడం ఆవిడకి అలవాటు. ఆదివారం ఒంటిపూట పని. వెళ్తూ వెళ్తూ, "ఫ్రిజ్ మీద అనాసపండు పెట్టాను. మధ్యాహ్నం వచ్చి తింటా. ముట్టుకోకండి" అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మైకు అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు. "నేనెవరికీ చెప్పను. నేనెవరికీ చెప్పను." పాఠం కొంచెం పట్టుబడింది అనుకుంటూ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ మీద తల నిండా ఆకులతో కూర్చున్న అనాసపండుని చూశాడు. అప్పుడు వెలిగింది అతనికి. అనాస! కడుపుతో ఉన్న మనిషి! పండుకి రెండడుగులు దూరంగా జరిగాడు.

ఈ భయం ఎక్కడిదో చెప్పాలి. పోయిన వారం డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ఆవిడ ఏం తినచ్చో ఏం తినకూడదో చెప్పబోతుంటే మైకు మధ్యలో దూరి మాట్లాడుతూనే ఉన్నాడు. చివరికి డాక్టరమ్మ, "మీరు కాసేపు బయట కూర్చోండి, నేను ఈవిడతో మాట్లాడాలి" అని తలుపు చూపించింది. బయట బెంచీ మీద ఒకాయన మూడోసారి తండ్రి కాబోతూ తీరిగ్గా కూర్చుని ఉన్నాడు. "అనాస, బొప్పాయి ఇంటి ఛాయలకి రానివ్వకండి. ముక్క తగిలితే చాలు, అంతే సంగతులు" అన్నాడాయన. లోపల డాక్టరమ్మ ఏం చెప్పిందో మైకు వినలేదు. బెంచీ మీది మాట మాత్రం మేకులా దిగింది.

భార్యకి ఫోన్ చేశాడు. కళ్ళు చూసేటప్పుడు ఆవిడ ఫోను సొరుగులో పడేస్తుంది. అది సొరుగులోనే మోగి మోగి ఊరుకుంది. సరే, పండుని చెత్తబుట్టలో పడేద్దామంటే, ఆ బుట్ట ఓనరమ్మగారి కిటికీ కింద ఉంది. ఎవరు ఏం పారేశారో చూసి, ఎందుకు పారేశారో ఆలోచించడం ఆవిడకి పొద్దుటి కాలక్షేపం. పండు పారేశాడంటే సాయంత్రానికల్లా మొత్తం కూపీ లాగేస్తుంది. అందుకని పండుని చంకన పెట్టుకుని, మొహానికి నవ్వు తగిలించుకుని, నేరుగా ఓనరమ్మగారి తలుపే తట్టాడు.

"పిన్నిగారూ, మంచి అనాస. మీకోసం."

ఓనరమ్మగారు మనవల్ని ఎత్తిన మనిషి. ఊరికే ఇచ్చే వస్తువుని ఊరికే తీసుకోదు. "ఏమయ్యా, మళ్ళీ గోడకి మేకు కొట్టావా?"

"అబ్బే, ఊరికేనండీ."

"రాత్రి మీ ఆవిడే కదా దీన్ని మోసుకొచ్చింది? తనకి అనాసంటే ప్రాణం కదా. తను తినదా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. మైకు దాన్ని బలవంతంగా మింగాడు. "తింటుందండీ! ఎందుకు తినదు? తినకపోవడానికి ఏముంది? ఏమీ లేదు! ముందు మీరు తీసుకోండి."

"నాకొద్దు బాబూ. అనాస తింటే నోరంతా పుండవుతుంది. పైగా రెండ్రోజుల నుంచి ఏం చూసినా వికారంగా ఉంటోంది."

మైకుకి తోచలేదు. తోచనప్పుడు మనిషి పొద్దున్నుంచీ ఏది వల్లె వేశాడో అదే నోటికొస్తుంది. "నేనెవరికీ చెప్పను పిన్నిగారూ!" అని పండుని గడపలో పెట్టి, ఒక్క ఉదుటున మెట్లెక్కేశాడు.

ఆ మెట్ల మీదే టైలరమ్మ బట్టల మూట పట్టుకుని నిలబడి ఉంది. రెండో అంతస్తులో మిషను కుడుతుంది. ఓనరమ్మగారు అనాస వద్దంది, వికారమంది, మైకు ఎవరికీ చెప్పనన్నాడు. మైకు చెప్పనన్నాడంటే అది ఎంత పెద్ద సంగతై ఉండాలి! ఆవిడ మూట అక్కడే దించి, వరండాలో కూర్చుని ఉన్న ఓనరుగారి దగ్గరికి పోయింది. ఆయన ముప్పొద్దులా పేపరు వెనకాల బతికే మనిషి.

"బాబాయిగారూ, సిగ్గుపడకండి. దేవుడు ఎప్పుడిస్తే అప్పుడే తీసుకోవాలి. ఉయ్యాలకి గుడ్డ నేను కుట్టిపెడతా" అంది.

ఓనరుగారు కాపురం పెట్టిన ఇన్నేళ్ళలో మొదటిసారి పేపరు మడిచారు. మడిచి, లోపలికి వెళ్ళి, భార్యని చూసి, గొంతు సవరించుకుని, "నాకొక్క మాట చెప్పచ్చు కదే" అన్నారు.

తర్వాత ఓనరమ్మగారి ఇంట్లోంచి వచ్చిన కేక పై అంతస్తులో చెవులు మూసుకుని కూర్చున్న మైకుకి కూడా స్పష్టంగా వినపడింది. "అందరూ కిందికి రండి! ఉన్నపళంగా రండి!"

వెళ్ళేసరికి మెట్ల కింద ముక్కాలిపీట, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో అనాస ముక్కలు. పక్కన కత్తిపీటతో సహా ఓనరమ్మగారు. టైలరమ్మ తల వంచుకుని ఉంది. మేడ మీద గదిలో ఉండే కండలరావు బనీనుతో దిగి వచ్చాడు. వాడి అసలు పేరు వాడి తల్లిదండ్రులకి తప్ప ఎవరికీ తెలియదు.

"అనాస వద్దన్నవాళ్ళంతా కడుపుతో ఉన్నట్టేనట! ఈవిడ తేల్చింది" అంది ఓనరమ్మగారు. "మంచిది. ఈ బిల్డింగులో ఎవరు తింటారో, ఎవరు తినరో నేనూ తేలుస్తా." అని కళ్ళు గట్టిగా మూసుకుని ఒక ముక్క నోట్లో వేసుకుంది. నోరు మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పరువు కోసం పూర్తిగా నమిలి మింగింది. "ఇప్పుడు నువ్వు తిను."

"అమ్మో, నేను నిన్ననే పన్ను పీకించుకున్నానండీ" అంది టైలరమ్మ చెంప పట్టుకుని.

"ఆహా!" అంది ఓనరమ్మగారు. ఆ ఒక్క అక్షరం మీద టైలరమ్మకి ముచ్చెమటలు పోశాయి. పెళ్ళీడు కూతురుంది ఆవిడకి.

"నాకు పోటీలున్నాయాంటీ. తీపి ముట్టను" అన్నాడు కండలరావు.

ఓనరమ్మగారు వాడిని పైనుంచి కిందికి చూసింది. "నీకూనా? ఎప్పుడు చూసినా పొట్ట లోపలికి బిగబట్టుకుని నడుస్తుంటే ఎందుకా అనుకున్నా."

"నేను మగాణ్ణాంటీ!"

"అయితే తిను."

"తిననుగా!"

"ఇంకేం, తేలిపోయింది" అంది ఆవిడ. కోపంలో ఉన్న మనిషికి ఆడా మగా తేడా ఏముంటుంది! కండలరావు ఏడుపు ముఖంతో తన పొట్ట తనే తడిమి చూసుకున్నాడు.

"ఇక మిగిలింది మీ ఆవిడ" అంది ఓనరమ్మగారు మైకు వైపు తిరిగి. "వచ్చే వేళయింది. గేటు దగ్గరే పరీక్ష పెడతా."

మైకు లెక్క వేసుకున్నాడు. తింటే బిడ్డకి ముప్పు. తినకపోతే కబురు బయటపడుతుంది. సాయంత్రం అత్తగారు గేటు తీయగానే ఈవిడే చెప్పేస్తుంది. రెండోసారి కూడా కూతురి నోటిమాట ఇంకెవరో ఎత్తుకుపోతారు. పెళ్ళప్పుడు భార్య ఏడ్చిన ఏడుపు అతనికి గుర్తొచ్చింది. ఇద్దరినీ కాపాడే దారి ఒక్కటే కనిపించింది. పళ్ళెంలో ముక్కలే లేకపోతే?

"ఎంత తియ్యగా ఉందండీ!" అని ఒక ముక్క వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. తర్వాత రెండు చేతులా వేసుకోవడం మొదలుపెట్టాడు. నిజానికి పండు పులుపు. నాలుక మొదట చిమచిమలాడింది, తర్వాత మండింది, ఆ తర్వాత అది తన నాలుకేనా అన్నట్టు మొద్దుబారింది. బుగ్గలు లోపల గీరుకుపోయాయి. అయినా ఆగలేదు.

"ఇంత ఆబ ఏమిటయ్యా ఈ మనిషికి!" అంది టైలరమ్మ.

"కొందరికి తినబుద్ధి కాదు, కొందరికి ఇలా పుడుతుంది కోరిక" అంటూ ఓనరమ్మగారు అతని పొట్ట వైపు కూడా ఒక చూపు పారేసి, ఆఖరి ముక్కని చప్పున లాక్కుని వెనక దాచింది. "ఇది మాత్రం ఇవ్వను."

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. భార్య వచ్చింది. ఆఖరి ముక్క ఉన్న చెయ్యి ఆమె ముందుకి చాచింది ఓనరమ్మగారు. "తిను తల్లీ."

"తినకు!" అని అరుద్దామనుకున్నాడు మైకు. బస్టాండంతా మోగించే ఆ గొంతులోంచి "బ్బ్బావ్" అనే శబ్దం వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి అదీ రాలేదు. చేతులూపాడు, తల అడ్డంగా ఆడించాడు, నేల మీద కూలబడి దణ్ణం పెట్టాడు.

భార్య అతన్ని ఒకసారి చూసింది. "నా అనాసపండేనా ఇది? ఒక్క ముక్క మిగిల్చారా నాకు!" అని హాయిగా నోట్లో వేసుకుని నమిలింది.

మైకు కళ్ళు తేలేశాడు. ఓనరమ్మగారు తీర్పు చెప్పింది. "ఈ బిల్డింగు మొత్తానికి ఏ విశేషమూ లేని మనిషి ఈ పిల్ల ఒక్కతే."

ఆ మాట గేటు అవతల నిలబడ్డ అత్తగారి చెవిన పడింది. కూతురిని చూడాలని మనసాగక, సాయంత్రం దాకా ఉండలేక పొద్దుటి బస్సుకే బయల్దేరి వచ్చేసింది పాపం. లోపలికి వస్తున్నప్పుడు ఆవిడ మొహం వాడిపోయి ఉంది. ఏమీ అడగకుండా కూతురి భుజం నిమిరి, "పోనీలేమ్మా, అన్నిటికీ వేళ రావాలి" అంది.

ఇంట్లోకి వెళ్ళాక అత్తగారు మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే మైకు భార్యని వంటింట్లోకి లాక్కుపోయాడు. ఫోనులో "అనాస తిన్నావు! హాస్పిటల్‌కి పద!" అని టైపు చేసి చూపించాడు. అతని కళ్ళనిండా నీళ్ళు. ఆవిడకి నవ్వు రాబోయి, ఆ నీళ్ళు చూసి ఆగిపోయింది. డాక్టరమ్మకి ఫోన్ కలిపి, అతనికి కూడా వినపడేలా స్పీకరు పెట్టి, అనాస సంగతి అడిగింది.

"పండిన అనాస మామూలుగా నాలుగు ముక్కలు తింటే ఏమీ కాదని ఆ రోజే చెప్పానమ్మా. పచ్చి బొప్పాయి, దోర బొప్పాయి మాత్రం వద్దన్నాను" అంది డాక్టరమ్మ. "ఇదంతా మీవారు విననే లేదుగా. ఏరీ ఆయన? ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి?"

"పండంతా ఆయనే తినేశారండీ. నోరు పూసింది."

"పండంతా ఒక్కరే తినమని నేనెవరికీ చెప్పలేదే!" అని డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది. మైకు గోడకి చేరగిలబడి, చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య అతని తల నిమిరి, ముందుగదిలోకి వెళ్ళింది.

అత్తగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. కూతురు ఆవిణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, తడి చేతులు రెండూ పట్టుకుని, చెప్పింది.

ఆ తడి మొహం ముందు అయోమయంలో పడింది, తర్వాత వికసించింది, ఆ తర్వాత నవ్వో ఏడుపో తెలియకుండా అయింది. కూతురు కళ్ళార్పకుండా చూసింది. గుమ్మం దగ్గర నిలబడి మైకు కూడా చూశాడు. ఇలాంటి మొహాన్ని ఒకసారి తను లౌడ్‌స్పీకరుకి ధారపోశాడని అతనికి అప్పుడు తెలిసింది.

అత్తగారు చటుక్కున అతని వైపు తిరిగింది. "అల్లుడుగారూ, మీకు ముందే తెలుసా?"

తల ఊపాడు.

"తెలిసీ ఎవరికీ చెప్పలేదా?"

తల అడ్డంగా ఊపాడు. కూతురు కడుపుతో ఉందన్న మాటకన్నా ఆవిడకి ఈ మాట నమ్మడం కష్టమైంది. పక్కన భార్య మాత్రం మెల్లిగా, "నేనే నమ్మలేదు మిమ్మల్ని. తప్పు నాదే" అంది. మైకు ఏదో గొప్ప మాట అనబోయాడు. "బ్బ్బావ్" వచ్చింది.

ఇక అత్తగారిని ఆపడం ఎవరి తరం! బాల్కనీలోకి పరుగెత్తి, కిందికి వంగి, "వినండమ్మా! మా అమ్మాయికి మూడో నెల!" అని కేకేసింది. కింద ఓనరమ్మగారు తలెత్తి జాలిగా చూసింది. "పాపం, తల్లి మనసు" అని నిట్టూర్చి, అనాస తొక్కలు బుట్టలో పడేసింది. కండలరావుకి మాత్రం ఎందుకైనా మంచిదని ఓ గ్లాసు పాలు పంపించింది.

ఆ కబురు బిల్డింగులో ఎవ్వరూ నమ్మలేదు. ఇంకో మూడు నెలలకి జాకెట్టు వదులు చేయించుకోవడానికి మైకు భార్య వచ్చినప్పుడు, టైలరమ్మ టేపుతో రెండుసార్లు కొలిచి చూసి, అప్పుడు నమ్మింది.