ముందు వరుస ఖాళీ

ఆ బుధవారం క్లియోటిస్ పథకం చాలా చిన్నది: మధ్యాహ్నానికి ఆల్బమ్ ముగించి, భార్య కట్టిచ్చిన వేయించిన చేపముక్కలు తినడం. అమెరికాలో మెంఫిస్ ఊళ్లోని ఒక రికార్డుల కంపెనీలో అతనూ మరో ముగ్గురూ తొమ్మిదేళ్లుగా జీతానికి వాయిస్తున్నారు. ఎవరు పాడినా వెనక వీళ్లే. రికార్డు అట్టమీద పేరు మాత్రం పాడినవాళ్లది. ఇన్నాళ్లకు యజమాని ప్రూయిట్ దయతలచి, పాటగాళ్లు లేకుండా, వీళ్ల పేరుతోనే ఒక రికార్డు వేస్తానన్నాడు. గడువు ఆ మధ్యాహ్నమే.

పదకొండున్నరకు ఆఖరి పాట టేపుకెక్కింది. అన్నీ మొదటినుంచి వేసుకుని విన్నారు. ఆర్గన్ వాయించే క్లియోటిస్ మొహం మాడింది.

"ఒరేయ్ వెర్లన్, నీ గిటార్‌మీద పాట వరసేదిరా?"

"నాదేంటి? ముందుండేది నీ ఆర్గన్ కదా. నీకోసం చోటొదిలా."

"నేను నీకోసం వదిలా."

సరిగ్గా అప్పుడే ప్రూయిట్ తలుపు తీశాడు. "బావుందయ్యా. పాటగాళ్లొద్దన్నది నేనే గానీ, ముందు ఖాళీగా ఉంది. పాడేదెవరు?"

బేస్ వాయించే ఆర్బీకి అబద్ధాలాడడం అలవాటు లేదు. అందుకే మరీ పెద్దది ఆడేశాడు. "లువీనియా, సార్."

ఆ కంపెనీ పాటగత్తెల్లో లువీనియాదే పెద్ద పేరు; ఆమె పేరుంటే రికార్డులు కొట్లో నిలవవు. ప్రూయిట్ చిరునవ్వుతో ఫోనందుకుని, అట్టమీద ఆమె పేరు పెద్దక్షరాల్లో వెయ్యమని ప్రెస్సుకు చెప్పాడు. తర్వాత ఆమెకే ఫోన్ చేసి రమ్మన్నాడు. "మీ పేర్లు వెనక ఎక్కడో సర్దుదాంలే" అన్నాడు వీళ్లతో. క్లియోటిస్ ఇంట్లో భార్య అప్పటికే గోడమీద ఆ అట్టకోసం మేకు కూడా కొట్టేసింది.

లువీనియా బ్యూటీ పార్లర్ నుంచి జుట్టుకు చుట్టిన రోలర్లతోనే దిగింది. "సగంలో లేపి రప్పించారు. ఏదీ, వినిపించండి."

కళ్లు మూసుకుని విన్నది. రెండుసార్లు పాడబోయి నోరు తెరిచి మూసుకుంది. తర్వాత కూర్చుని, ఏదో కూనిరాగం తీస్తూ క్లియోటిస్ చేపముక్క ఒకటి తీసుకుంది.

"నేను పాడను."

"అదేంటమ్మా?" అన్నాడు ప్రూయిట్.

"ఎక్కడ పాడను? నా వెనకైతే తలొంచుకుని వాయిస్తారు. ఇవాళ ముందెవరూ లేకపోయేసరికి, తెలీకుండానే నలుగురూ ముందుకొచ్చేశారు. గొంతు దూర్చడానికి సందు లేదు. ఇలాగే వెయ్యండి. నా పేరు పెట్టారో, ఊరుకోను."

"పాట వరసే లేదు కదక్కా" అన్నాడు క్లియోటిస్ భయంగా.

"మరి ఇందాకట్నుంచి నేను కూనిరాగం తీస్తున్నదేంటి?"

ప్రూయిట్ మళ్లీ ప్రెస్సుకు ఫోన్ చేసి, ఆమె పేరు తీసేసి వీళ్ల పేరే వెయ్యమన్నాడు. హమ్మయ్య అనుకుని క్లియోటిస్ కుర్చీలో కూలబడ్డాడు. చేపలన్నీ ఆమె తినేసినా అతనికి బాధనిపించలేదు.

నెల తిరక్కుండా వాళ్ల పేరుతోనే రికార్డు వచ్చింది. అట్టమీది ఫొటోలో మాత్రం నలుగురూ వెనక గోడకు ఆనుకుని నిలబడి, ముందు ఎవరికోసమో చోటు వదిలారు.