మూత తియ్యని గుండిగ

హమదాన్ చలి అంటే మాటలు కాదు. మొదటి మంచు పడే వేళకి అక్కడి పిల్లులు తోక చంకన పెట్టుకుని నడుస్తాయి. అలాంటి ఊళ్ళో అంజూర చెట్టు పెంచడమే ఒక పొగరు. ఆ పొగరు కుద్రత్ ఆగాకి నిండా ఉంది. బళ్ళో భూగోళం చెప్పి చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నాక, భూగోళం మీద తనకి తెలియనిదేదీ మిగల్లేదని ఆయన నమ్మకం. చెట్టు కాసిన పళ్ళలో ఒక్కటి వీధిలోవాళ్ళకి ఇచ్చిన పాపాన పోలేదు. రాలినవాటిని పిచ్చుకలు పొడిస్తే వాటి వంశాన్నంతా తిట్టేవాడు.

ఆ ఉదయం రేడియో "ఈ రాత్రి గడ్డకట్టే చలి" అంది. చెల్లెలింటికి బయల్దేరుతున్న భార్య మునీర్ ఖానుం గుమ్మంలో ఆగి పనులు అప్పగించింది.

"పొయ్యి గొట్టం బిగించండి. పరదాలు ఉతికి ఆరేశాను, తీసి మడతపెట్టండి. మళ్ళలో ఆకుకూరంతా మంచుకి మాడకముందే కోసెయ్యండి. చెట్టుకి గోనెలు చుట్టండి. పక్కింటి తూరాన్ నిన్ననే చుట్టేసింది."

"గోనెలా! అదేమన్నా ఉల్లిపాయల బస్తానా? వేడి దేశపు బిడ్డ. దానికి కావలసింది ఆవిరి."

"మీకు కావలసింది బుద్ధి. చెట్టు పోతే పోయింది. అటక మీది మా అమ్మ గుండిగ ముట్టుకున్నారో, ఈ చలికాలమంతా మీ పక్క పెరట్లోనే!"

అది మొక్కుల గుండిగ. ఆవిడ తల్లి బతికున్న రోజుల్లో అందులో ఏటా చిక్కుళ్ళూ, ఆకుకూరా, సేమ్యా వేసి చిక్కటి జావ, ఆష్, కాచి, గిన్నె పట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ పోసేది. కుద్రత్ ఆగా ఇంటికొచ్చాక అది చిక్కుడు గింజ మొహం ఎరగదు.

మునీర్ వీధి మలుపు తిరిగిందో లేదో, గుండిగ అటక దిగింది. ఆయన దాన్ని చెట్టు కింద ఇటుకల మీద నిలబెట్టి, నీళ్ళు పోసి, గంపెడు గుర్రపు లద్దె కుమ్మరించి, కింద మల్బరీ కట్టెలు రాజేశాడు. ఆవిరి కొమ్మలకీ, సారం వేళ్ళకీ! గోనె చుట్టడం నామోషీ కనక, ఆరేసిన ఆకుపచ్చ పరదా లాగి మానుకి కట్టాడు. కంపు బయటికి పోకుండా గుండిగకి మూత బిగించాడు.

గోడ మీదుగా తూరాన్ తల లేచింది. మొక్కు చెట్టుకి కట్టినట్టు ఆకుపచ్చ గుడ్డ, కింద పెద్ద గుండిగ. ఆవిడ కళ్ళు గిన్నెలంతయ్యాయి.

"మొక్కా, కుద్రత్ ఆగా?"

కాదంటే లోపలేముందని అడుగుతుంది. చెబితే పొద్దుగూకేలోగా మునీర్ చెవిన పడుతుంది. ఆయన "ఊఁ" అన్నాడు.

"ఏమని మొక్కుకున్నారు?"

"పైకి చెబితే ఫలించదు."

"మీరేనా! పోయినేడు మా కోడలు వేవిళ్ళతో ఒక్క పండడిగితే, కడుపులో పిల్లకి పళ్ళు లేవుగా అన్నారు!" అంటూ తూరాన్ ఓణీ అంచు చింపి, చిన్నకొడుక్కి పెళ్ళి కుదరాలని కొమ్మకి ముడి వేసింది. తర్వాత వీధిలోకి పరుగెత్తింది.

మధ్యాహ్నానికి పెరడంతా గిన్నెలే. రొట్టెల సఫర్ బుట్టెడు సేమ్యా తెచ్చాడు, పుణ్యంలో వాటాకి. చేతిలో గరిటె.

"ఒక్కసారి కలపనివ్వండి ఆగా, కోరిక చెప్పుకుంటాను."

"మూత తీస్తే మొక్కు చెడుతుంది!"

"ఇది ఏ ఊరి ఆచారమండీ?"

"మా నాన్నగారి ఊరిది."

"మీ నాన్నగారు పుట్టింది మా కొట్టు ఎదురింట్లోనేగా!"

ఒక ముసలమ్మ ముక్కు ఎగబీల్చింది. "మాంసం కాస్త పాతబడ్డట్టుంది."

"ఊరుకో పిన్నీ, కుద్రత్ ఆగా పెట్టే మాంసం కొత్తగా ఉంటుందా?" అన్నాడు సఫర్.

గరిటెలు నాలుగువైపులనించీ మూతకేసి వస్తుంటే, కుద్రత్ ఆగా దిండొకటి వేసుకుని మూతమీదే కూర్చున్నాడు. కాసేపటికి పొగ దిండులోంచి వస్తోందో, ఆయనలోంచి వస్తోందో పోల్చుకోలేని స్థితి వచ్చింది. జనం ఆయన భక్తికి కళ్ళొత్తుకున్నారు.

అప్పుడొచ్చింది మునీర్. దారి పొడుగునా పదిమంది చేతులు పట్టుకుని దీవించి పంపారేమో, కళ్ళనిండా నీళ్ళు. "అమ్మ గుండిగ! అడక్కుండానే... లెండి, తొలి గరిటె నాది."

"వద్దే..."

ఆవిడ ఆయన్ని ప్రేమగానే పక్కకి తోసి మూత ఎత్తింది. ఎత్తిన చేత్తోనే ధడాల్న మూసింది. కళ్ళల్లో నీళ్ళు ఎక్కడివక్కడే ఇగిరిపోయాయి. జనం మెడలు సాచారు. ఇంటి పరువూ, చచ్చిపోయిన తల్లి పేరూ ఆ మూత కిందే ఉడుకుతున్నాయి.

"ఇది చెట్టు వాటా," అంది మునీర్, వణకని గొంతుతో. "మొక్కు చెట్టుకి కదా, ముందు దానికి పెట్టాలి. మనుషుల వాటా ఇప్పుడు కాస్తాం. తూరాన్, మీ గుండిగ ఇలా పట్రా. అందరూ మళ్ళలో దిగి ఆకుకూర కోసుకురండి. కొట్టుగదిలో చిక్కుళ్ళూ, నెయ్యీ, అక్రోట్లూ ఉన్నాయి, మొహమాటపడకండి." మొగుడివైపు తిరిగింది. "మీరు చెట్టుకి పొయ్యండి."

"కాస్త చల్లారనీ..."

"జనం ఆకలితో ఉన్నారు. పొయ్యండి!"

సలసల కాగుతున్నదంతా, చెంబు తర్వాత చెంబు, ఆయన తన చేత్తోనే చెట్టు మొదట్లో పోశాడు. మళ్ళలో ఒక్క కొత్తిమీర రెబ్బ మిగల్లేదు. పొద్దున అప్పగించిన పనుల్లో తెమిలింది అదొక్కటే, అదీ వీధివాళ్ళ చేత. సాయంత్రానికి అందరి గిన్నెలూ నిండాయి. అల్వంద్ కొండ మీదనించి మబ్బు దిగి, వెచ్చగా వాన పడింది. ఆ రాత్రి మంచే పడలేదు.

వసంతంలో తూరాన్ గోనెలు విప్పితే ఆవిడ అంజూరం ఒళ్ళంతా చిగిర్చింది. కుద్రత్ ఆగా చెట్టు నిలువునా ఎండింది. కట్టెలకైనా పనికొస్తుందని ఆయన గొడ్డలి తీశాడు. కానీ ఆ నెలలోనే తూరాన్ చిన్నకొడుక్కి పెళ్ళి కుదిరింది. ఎండుకొమ్మల నిండా ముడుపులు వేలాడాయి. ఇక దానిమీద చెయ్యేసే మొనగాడెవడు? ఫలించిన మొక్కు ఏటా తీర్చాల్సిందేనని వీధి తీర్మానించింది. మునీర్ గుండిగకి కొత్త కళాయి పూయించింది.

ఆ చెట్టుకి మళ్ళీ ఒక్క పండు కాయలేదు. ఏటా తొలిచలికి గిన్నెలు మాత్రం విరగ్గాస్తున్నాయి.